మా బావ కాలికి గులాబీ రంగట!

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. మా మాస్టారు మాత్రం ఈ మాట ఒప్పుకోరు. "నువ్వు మానటమేందిరా, బడే నిన్ను వదిలించుకుంది" అంటారు. ఇంగ్లీషులో నేను చదవగలిగేవి నా దగ్గరికి బాగుచెయ్యటానికొచ్చే ఆయిల్ ఇంజన్ల మీద కంపెనీ పేర్లు ఒక్కటే. అవి కూడా అక్షరాలు చూసి కాదు, డబ్బా రంగు చూసి. అటువంటివాణ్ణి ఒంటరిగా రైలెక్కిస్తే ఏమవుతుందో అదే అయింది. తెల్లారుతుండగా కిటికీలోంచి పొగగొట్టాలు కనపడ్డాయి. పొగగొట్టాలంటే ఉక్కు ఫ్యాక్టరీ, ఉక్కు ఫ్యాక్టరీ అంటే విశాఖపట్నం అని తీర్మానించి, సంచీ భుజానేసుకుని దర్జాగా దిగిపోయాను. రైలు కదిలిపోయాక బోర్డు చూస్తే, తెలుగులోనే, తాటికాయంత అక్షరాల్లో 'దువ్వాడ' అని ఉంది.

ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే మనిషి నేను దిక్కులు చూడటం కనిపెట్టాడు.

"ఏటి బాబు, సముద్రం కోసం ఎతుకుతన్నారా?"

"విశాఖపట్నం కోసం ఎతుకుతున్నా."

"అది ఇంకా ముందుకుంది. మీరే ఎల్లాల, అది ఇక్కడికి రాదు" అని టీ చేతికిచ్చాడు. అల్లం బాగా దంచేశాడు. తిట్టించుకుని తాగినా బాగుంది.

ఇది జరిగింది తొంభైల చివర్లో. సముద్రం చూడటానికో, కొండెక్కి దణ్ణం పెట్టుకోవటానికో వెళ్ళలేదు నేను. మా బావ కాలు చూడటానికి వెళ్ళాను. అందుకని నా యాత్రలో కొండలూ తీరాలూ తక్కువ, కాలు ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను.

గోపాలపట్నం

మా బావ పేరు అప్పలరాజు. అప్పటికి పదిహేనేళ్ళ కిందట మా ఊరి కాలవలో పూడిక తియ్యటానికి ఈ విశాఖ వైపునుంచి కూలీల జట్టు వచ్చింది. అందులో ఒకడు. పూడిక తీశాడు, దాంతోపాటు మా అక్కని కూడా తీసుకుపోయాడు. తర్వాత ఉక్కు సరుకు లారీలకెక్కించే ఒక కాంట్రాక్టరు కింద పనికి కుదిరాడు. నెల కిందట ఇనప ఊచల కట్ట గొలుసు తెగి జారి ఎడమ కాలి మీద పడింది. ఎముక విరిగింది. అది అతుకుతుంది, కానీ ముందువైపు కండా తోలూ లేచిపోయి ఎముక బయటికి కనపడుతోంది. తొడలోంచి కండ, తోలు కలిపి ఒక ముక్క తీసి దానిమీద కప్పుతారట. అక్క మా ఊరి ఎస్‌టీడీ బూత్‌కి ఫోన్ చేసి ఏడ్చింది: "అది బతక్కపోతే మోకాలి కింద తీసేస్తారంటరా. నువ్వు రా."

గోపాలపట్నంలో ఇల్లు పట్టుకునేసరికి ఎనిమిదయింది. మా అక్క కృష్ణాడెల్టాలో పుట్టి పెరిగిన మనిషి. తలుపు తీసి ఏమందో తెలుసా? "ఏట్రా, ఇంతాలస్యం సేసినావు?" నేను వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాను.

ఆ పూట గుమ్మడికాయ పులుసు పెట్టింది. అందులో బెల్లం. మా వైపు కారం తిని కళ్ళు తుడుచుకుంటాం, ఇక్కడ పులుసు తిని మూతి నాక్కుంటారు. "పండక్కి పాయసం ముందే పెట్టేశావేమే" అన్నాను. అక్క నవ్వలేదు. నేను ఎప్పుడేమన్నా నవ్వే మనిషి. అప్పుడు తెలిసింది నాకు, ఆ కాలి సంగతి ఎంతదాకా వచ్చిందో.

వార్డులో మొదటి రోజు

ఆసుపత్రి పేరు చెప్పను. ఊళ్ళో పెద్దవే చాలా ఉన్నాయి, ఏదో ఒకటి అనుకోండి. మర్నాడు పొద్దున ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్ళిన బావని సాయంత్రం చీకటి పడేముందు బయటికి తెచ్చారు. పెద్ద డాక్టరుగారు, అరవైకి దగ్గరగా ఉంటాడాయన, పొద్దుటినించీ మైక్రోస్కోపులో చూసి చూసి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అయినా మమ్మల్ని కూచోబెట్టి తెలుగులో, మాకర్థమయ్యేట్టు చెప్పాడు.

"ఈ ముక్కకి ఒక నాళం రక్తం తెస్తుంది, ఇంకో నాళం తీసుకుపోతుంది. రెండూ అగ్గిపుల్లంత లావు కూడా లేవు. వెంట్రుక కన్నా సన్న దారంతో కుట్టాం. మొదటి మూడు రోజులు గంటగంటకీ చూడాలి. ఏ నాళంలోనైనా రక్తం ఆగితే కొద్ది గంటల్లో కనిపెడితే మళ్ళీ విప్పి కుట్టగలం. ఆలస్యమైతే ముక్క చచ్చిపోతుంది. ఇక ఆ ఎముక మీద కప్పటానికి నా దగ్గర ఏమీ ఉండదు."

"పంటకాలవ ఒకటి, మురుగుకాలవ ఒకటి అన్నమాట" అన్నాను.

ఆయన మొదటిసారి నవ్వాడు. "అంతే. ఏది పూడినా చేను పోతుంది."

మంచం కాళ్ళవైపు అట్టకి ఒక అచ్చుకాగితం తగిలించారు. గంటకో వరస. వరసకి నాలుగు గళ్ళు: ముక్క రంగు, వేడి, వేలితో నొక్కి వదిలితే రంగు తిరిగి రావటం, మిషను చప్పుడు. మిషనంటే కలం లాంటిది ఒకటి, దానికి వైరుతో చిన్న పెట్టె. ముక్క మీద జిగురులాంటిది రాసి ఆ కలం ఆనిస్తే లోపల రక్తం పారే చప్పుడు పెట్టెలోంచి వినపడుతుంది. శ్‌... శ్‌... శ్‌...

బావకి అప్పుడే తెలివొచ్చింది. కళ్ళు తెరిచి విన్నాడు. "నా కాల్లో రైలెల్తన్నట్టుంది బావా."

"దువ్వాడలో దిగిపోకుండా చూడమని చెప్పు" అన్నాను.

ముక్కకి చలి తగలకూడదన్నారు. నేను లేచి ఫ్యాను కట్టేశాను. వార్డంతా నామీదికి లేచింది. ఆ ఊరి ఉక్కపోత గురించి వెళ్ళనివాళ్ళకి చెప్పటం కష్టం. తడి దుప్పటి కప్పుకుని కూచున్నట్టుంటుంది. చివరికి పక్క మంచం దగ్గరున్న సాయిబుగారు రాజీ చేశాడు. పాతవూళ్ళో బట్టల కొట్టు ఆయనది. తమ్ముడి చెయ్యి మీద కాలిన గాయాలకి వైద్యం చేయిస్తున్నాడు. కొట్లోంచి తెచ్చిన దళసరి దుప్పటి ఒకటి ఇచ్చి, "కాలికి ఇది కప్పు భాయ్, మిగతా వార్డుకి గాలి వదులు" అన్నాడు.

కాంట్రాక్టరు రాలేదు. మనిషి చేత ఆరు బత్తాయిలు పంపాడు. కాలికి ఎన్ని బత్తాయిలు ఖరీదు కడతారో ఆయన దగ్గర లెక్కుందేమో! ఆ మనిషితో నేనన్నది ఇక్కడ రాస్తే అచ్చెయ్యరు.

చేపల రేవు

రెండో రోజు పొద్దున మంచం దగ్గర అక్క ఉంది. ఇంటికి కూర తెమ్మని నన్ను రేవుకి పంపింది. పడవలు ఒడ్డుకొచ్చే వేళ. తట్టల్లో వెండి పరిచినట్టు చేపలు. చెవులకి బరువైన పోగులు, నోట్లో చుట్ట, నూకాలమ్మ అని ఒకావిడ వంజరం చేప ముందు కూచుంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూస్తున్నాను. మా వైపు చేపని కళ్ళతోనే బేరమాడతాం. ముట్టుకుంటే కొన్నట్టే.

"ఏటి, సేపకి దణ్ణమెడతన్నావా?" అంది.

"బాగుందో లేదో చూస్తున్నా."

"సూత్తే ఏటి తెలుత్తాది? నీళ్ళు సల్లితే సచ్చిన సేపా మెరుత్తాది. యేలెట్టి నొక్కు. సెవి ఎత్తి సూడు. కళ్ళుండగానే సరా!"

నొక్కాను. గట్టిగా ఉంది. అరవై అంది. నలభై అన్నాను.

"నలపయ్యా? నలపైకి తోకొత్తాది. తోక పులుసెట్టుకుని మీ ఊరోళ్ళందరికీ పెట్టు."

అరవై ఇచ్చి తెచ్చుకున్నాను. పైగా తిట్లు ఉచితం. చేప మాత్రం బంగారం.

రెండో రోజు మధ్యాహ్నం

రెండు గంటలకి అక్కని అన్నం తినటానికి పంపి నేను కూచున్నాను. దుప్పటి తొలగించి ముక్క మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించాను. ఇంజను వేడెక్కిందో లేదో మేం అట్లాగే చూస్తాం. వెచ్చగా ఉంది. బాగానే ఉంది అనుకున్నాను. కానీ పొద్దున నేను చూసినప్పుడు మెత్తగా ఉన్నది ఇప్పుడు బిగుసుకుని ఉంది. కుట్ల దగ్గర తోలు సాగి నున్నగా మెరుస్తోంది. వేలితో నొక్కితే, వేలు తీసేలోపే గుంట నిండిపోతోంది.

రంగు? ఇక్కడే కథంతా ఉంది. మా బావ నల్లటి మనిషి. మామూలు నలుపు కాదు, పుట్టుకతో వచ్చిన నలుపు మీద పదిహేనేళ్ళు ఎండలో ఉక్కు మోసిన నలుపు. తొడలోంచి తీసిన ముక్క కూడా నలుపే. నలుపు మీద మార్పు ఏం తెలుస్తుంది? అందుకని దుప్పటి ఇంకాస్త పైకి జరిపి, రెండో కాలి తొడతో పోల్చి చూశాను. తొడ పెనం రంగులో ఉంది. ముక్క పండిన నేరేడుకాయలా ఉంది.

కాగితం తీశాను. రంగు గడిలో పై నుంచి కింద దాకా ఒకటే మాట, పొద్దుటినుంచీ రాత కూడా ఒకటే. నిన్న సాయంత్రంనుంచీ గంటగంటకీ అదే. సాయిబుగారికి చూపించాను.

"సాయిబుగారూ, ఏం రాశారిక్కడ?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "పింక్. పింక్. పింక్. అన్నీ పింకే భాయ్. పైన అచ్చులోనే ఉంది, బాగున్న ముక్క పింకుగా ఉండాలట."

"పింకంటే?"

"గులాబీ రంగు."

నేను కాలి వంక చూశాను. ఆయనా చూశాడు. బావ తల ఎత్తి తన కాలి వంక తనూ చూసుకున్నాడు.

"నలభై ఏళ్ళు రంగులమ్ముకుని బతికినవాణ్ణి" అన్నాడు సాయిబుగారు. "మా కొట్లో గులాబీలో పద్నాలుగు రకాలున్నాయి. లేత గులాబీ, ముదురు గులాబీ, రాణీ గులాబీ... ఈ కాలు అందులో ఏదీ కాదు."

"నాను పుట్టినపుడు కూడా పింకు కాదు" అన్నాడు బావ.

నవ్వొచ్చింది ముగ్గురికీ. నా నవ్వు మాత్రం సగంలో ఆగిపోయింది. నెత్తురు కళ్ళకెక్కింది. అట్ట పట్టుకుని వార్డు మధ్యకెళ్ళి అరిచాను: "సిస్టర్! ఈ మనిషి ఏ మూల పింకో వచ్చి చూపించండి!"

నర్సమ్మ చేతిలో సూదుల పళ్ళెంతో వచ్చింది. నలభై దాటిన మనిషి. "అరవకండి, ఆసుపత్రి ఇది" అని, మిషను తీసి ముక్క మీద పెట్టింది. శ్‌... శ్‌... శ్‌... "సౌండు బాగుంది కదా!" అంది. ఈలోపల చిన్న డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, ఇంగ్లీషు బాగా నలిగిన మనిషి.

"సౌండ్ ఉంది. వేడిగా ఉంది. నొక్కితే వెంటనే రంగొస్తోంది. అన్నీ నార్మల్. మీరెందుకు గొడవ చేస్తారు?"

"మరీ వెంటనే వస్తోందండీ, అదే నా గొడవ. పొద్దున ఇంత తొందరగా రాలేదు. పొద్దున మెత్తగా ఉంది, ఇప్పుడు రాయిలా ఉంది."

"మీరు ఏం చదువుకున్నారు?"

"ఆరు. అదీ సగం."

"మరి?"

"మరేంటండీ! కాలవ పారుతోంది, చప్పుడు వినపడుతోంది, కాదన్నానా? చేలోకి నీళ్ళు వస్తానే ఉన్నాయి. పోవటం లేదు. చేను మునుగుతోంది. మా ఊళ్ళో గట్టు మీద నిలబడి కాలవ చప్పుడు విని చేను బాగుందని ఎవడూ ఇంటికి పోడు. దిగి మురుగుకాలవ చూస్తాడు."

చిన్న డాక్టరు సాయిబుగారి వంక, ఈ పిచ్చివాణ్ణి మీరైనా ఆపండన్నట్టు చూశాడు. సాయిబుగారు, "రంగు తేడా ఉంది డాక్టర్ సాబ్, నేను పూచీ" అన్నాడు.

నర్సమ్మ సూదుల పళ్ళెం మంచం మీద పెట్టేసింది. వంగి వేలితో నొక్కింది. తొడ మీద నొక్కింది. మళ్ళీ ముక్క మీద నొక్కింది. చిన్న డాక్టరుని అడగనైనా అడగలేదు. గబగబా నడిచి, సగం దూరం వెళ్ళాక పరుగెత్తి, బల్ల మీది ఫోన్ తీసింది. "సార్, నానండి. ముక్క బిగిసిపోనాది. మీరు యెంటనే రావాల" అనటం వార్డంతా వినపడింది.

పెద్ద డాక్టరుగారు భోజనం చేస్తున్న చెయ్యి సరిగ్గా కడుక్కోకుండానే వచ్చినట్టున్నాడు. ఒక సూది తీసి ముక్క మీద చిన్నగా గుచ్చాడు. ఎర్రగా రావలసిన నెత్తురు, మార్చే వేళకి ఇంజన్లోంచి కారే ఆయిల్లా నల్లగా, గుచ్చీ గుచ్చగానే ఉబికింది. ఆయన నా వంక తిరిగాడు.

"మీ మురుగుకాలవే" అన్నాడు. అంతే. పది నిమిషాల్లో బావని లోపలికి తోసుకుపోయారు.

థియేటరు బయట బెంచీ

అక్క వచ్చింది. చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకుని కూచుంది. జోకులు నాకు ఊపిరి లాంటివి. ఆ మూడు గంటలూ ఊపిరాడలేదు.

ఆడక, కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు. వెళ్ళనివాళ్ళు వినండి. ఈ ఊళ్ళో ఎండలో వలలు లాగేవాళ్ళున్నారు, ఓడల్లోంచి బొగ్గు దించేవాళ్ళున్నారు, ఉక్కు మోసేవాళ్ళున్నారు. కాళ్ళు విరిగేది వాళ్ళవే. గులాబీ రంగు కాళ్ళవాళ్ళు ఊచల కట్ట కింద నిలబడరు. అయినా ఆ కాళ్ళు చూడటానికి అచ్చేసిన కాగితంలో, ఆరోగ్యంగా ఉన్న తోలు అంటే గులాబీ రంగు! ఏ ఊరి తోలు చూసి రాశారయ్యా ఇది? ఎవరికోసం అచ్చేశారు? మా బావ ఆ గడిలో పట్టడు. ఆ వార్డులో ఉన్నవాళ్ళలో ఒక్కడూ పట్టడు. పట్టనప్పుడు గడి మార్చాలి గదా? మార్చలేదు. మనిషినే పింకు చేసేశారు. కలం పట్టుకున్నవాళ్ళు పింకని రాస్తే మా బావ పింకు. చచ్చిపోతున్న ముక్క కూడా పింకే. ఇంకో గంట అయితే పింకుగానే కుళ్ళేది.

సాయిబుగారు తమ్ముణ్ణి వదిలి వచ్చి మా పక్కన కూచున్నాడు. ఒక బన్ను తెచ్చి సగం విరిచి అక్క చేతిలో పెట్టాడు. "తిను బేటీ. లోపలున్నవాడికి కావాల్సింది వాళ్ళు చూస్తారు" అన్నాడు.

సాయంత్రం ఆరింటికి పెద్ద డాక్టరుగారు బయటికొచ్చాడు. వెనక్కి తీసుకుపోయే నాళంలో నెత్తురు గడ్డ కట్టింది. గడ్డ తీసి, అది కట్టిన మేర నాళం కోసేసి మళ్ళీ కుట్టాడు. "రంగు తిరిగింది" అని ఆగి, తనే నవ్వుకున్నాడు. "నల్లగా, చక్కగా ఉంది. ఇంకో రెండు గంటలు గడిచుంటే నేను చెప్పే మాట వేరుగా ఉండేది."

అక్క ఆయన కాళ్ళ మీద పడబోయింది. ఆయన వెనక్కి జరిగాడు. మంచం దగ్గరికి వెళ్ళి ఆ కాగితంలో మొదటి గడి పేరు కలంతో కొట్టేసి, తెలుగులో రాశాడు: 'తొడతో పోల్చి చూడాలి. బిగిసిందా? వాచిందా? నొక్కితే మరీ తొందరగా నిండుతోందా?'

"ఆ పాత కాగితం ఎవరిదండీ?" అన్నాను. ఊరుకోవచ్చు గదా, ఊరుకోను.

"ఏదో విదేశీ పుస్తకంలోంచి దింపింది. సరేనని సంతకం పెట్టింది నేనే" అన్నాడాయన. "చదవకుండా పెట్టాను." అంత పెద్ద మనిషి అట్లా అంటే ఇక ఏం తిడతాం? మనసులో తిట్టుకున్నాను.

ముక్క నిలబడింది. ఒక అంచు మాత్రం బొటనవేలంత మేర పోయింది. అది తర్వాత మానింది. కాలు కాలుగా ఉంది.

మద్దిలపాలెం

బావని వేరే వార్డుకి మార్చాక, ఎనిమిదో రోజు బయల్దేరాను. ఆసుపత్రినుంచి స్టేషనుకి వెళ్ళే సిటీ బస్సు కోసం మద్దిలపాలెంలో నిలబడ్డాను. ఈసారి ఎక్కేముందు బోర్డు చదువుదామని గట్టిగా అనుకున్నాను. పక్కన ఎవరో కూరగాయల సంచీతో నిలబడి ఉన్నారు. సంచీలోంచి తోటకూర కాడలు బయటికొచ్చి నా చెయ్యి గీసుకుంటున్నాయి. చూస్తే నర్సమ్మ. తెల్లచీర లేకపోతే గుర్తుపట్టలేదు.

"ఎల్లిపోతన్నారా? మీ బావ ఎలాగున్నాడు?" అంది.

"పింకుగా ఉన్నాడు" అన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. అలిసిపోయి ఉంది. నాకేమో ఆ రోజు ఆవిడ ఫోన్ దగ్గరికి పరుగెత్తటం గుర్తే. పింకులు కూడా గుర్తే. రెండూ కడుపులో ఉండగా నోరు ఊరుకుంటుందా?

"ఊరెళ్ళి ఇదంతా రాస్తానమ్మా" అన్నాను. "ఆ కాగితం సంగతి, పింకుల సంగతి, అంతా. జనం చదివి నవ్వాలి, ఆ నవ్వుకి మీ ఆసుపత్రి సిగ్గుపడాలి."

"రాయండి బాబు, బాగా కోపంగా రాయండి" అంది నర్సమ్మ. బస్సు వస్తే సంచీ భుజానికెత్తుకుని మెట్టెక్కింది. ఎక్కి, కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగింది. "ఆ వార్డులో నలపై మంచాలు. సూసేది నానొక్కదాన్ని. గంటకోపాలి అందర్నీ సూడాలంటే మనిసికి నిమిసంన్నర. అది కూడా రాత్తారేటి? రాయరు. మా గడి వచ్చేసరికి మీరూ సూడకండా పింకే రాత్తారు."